ఆ పెట్టె ఎవరిది?

ఈ మాటలు వింటున్న మీలో కొందరు వంటింట్లో ఉంటారు, కొందరు పొలం గట్టున ఉంటారు, కొందరు ప్రయాణంలో ఉంటారు. ఈ రోజు ప్రయాణంలో ఉన్నవారితో కాస్త ఎక్కువ మాట్లాడాలని ఉంది. ఎందుకంటే నేను చెప్పబోయేది బండిలో పాటలు పాడే పెట్టెను గురించి. పాత వ్యానుకు సెకండ్ హ్యాండ్ స్టీరియో బిగించుకున్న సంగతి. ప్రసంగానికి ఇదేమి అంశం అయ్యగారూ అని మీలో కొందరు అనుకుంటూ ఉంటారు. మా ఇంట్లో ఆ మాట ముందే అన్నారు.

వాక్యభాగం ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం, మొదటి మూడు వచనాలు. బైబిలు దగ్గర ఉన్నవారు తీసి పెట్టుకోండి. అక్కడికి తర్వాత వస్తాను.

2011వ సంవత్సరంలో జరిగిన సంగతి ఇది. అప్పటికి నేను సెమినరీ నుండి బయటికి వచ్చి మూడేళ్ళయింది. నాకు అప్పగించిన పాస్టరేటులో ఏడు గ్రామాలు ఉండేవి. వాటికి తిరగడానికి సంఘం ఒక మారుతి ఓమ్ని వ్యాను కొన్నది. 1999 మోడల్. ఆ వ్యాను మీకందరికి తెలుసు. మారుతి కంపెనీ 1984 నుండి 2019 వరకు తయారుచేసిన పెట్టెలాంటి బండి. ఇంజను ముందు సీట్ల కింద ఉంటుంది. ఎండాకాలం డ్రైవరు పక్కన కూర్చున్నవారికి వేరే సాక్ష్యం అక్కరలేదు.

మా చేతికి వచ్చేసరికి ఆ బండికి ఇద్దరు యజమానులు మారారు. రెండో ఆయన అమ్మేటప్పుడు స్టీరియో ఊడదీసుకున్నాడు. అది ఆయన హక్కే, నేను తప్పు పట్టను. డాష్‌బోర్డులో ఉన్న ఆ ఖాళీకి ఒక రేకు ముక్క కొట్టి ఇచ్చాడు. గుంటల రోడ్డు మీద వెళ్తుంటే ఆ రేకు గలగలలాడేది. ఏడు ఊళ్ళ దారిలో మాకున్న సంగీతం అదొక్కటే.

మా స్త్రీల సమాజం వారు ఒకరోజు నా దగ్గరికి వచ్చారు. "అయ్యగారూ, బండిలో పాటల పెట్టె పెట్టిద్దాం. పొద్దున్నే రేడియోలో వాక్యం వస్తుంది గదా, దారిలో వింటాం. పాటలు నేర్చుకుంటాం" అన్నారు. డబ్బు ఎక్కడిదమ్మా అన్నాను. ఒక ముసలమ్మ చీర చెంగున కట్టిన మూట విప్పింది. మన సంఘాల్లో పిడికెడు బియ్యం కానుక మీకు తెలియనిది కాదు. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా ఒక పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేస్తారు. నెలాఖరుకు మందిరానికి తెస్తారు. ఆ బియ్యం అమ్మిన సొమ్ము అది. 2,400 రూపాయలు. పదిరూపాయల నోట్లు, చిల్లర. ఆ సంవత్సరం కూలి దొరకని నెలలు ఉన్నాయి. ఆ నెలల్లో కూడా కుండలో బియ్యం పడ్డాయి.

నేను ఆ డబ్బు తీసుకొని ఒక పట్టణంలో పాత సామాన్ల బజారుకు వెళ్ళాను. పట్టణం పేరు చెప్పను, కొట్టు పేరు అసలే చెప్పను. అక్కడ బండి విడిభాగాలు, పాత బ్యాటరీలు, అద్దాలు, హారన్లు, అన్నీ దొరుకుతాయి. కొట్టాయన నాకు ఒక సెట్టు చూపించాడు. సీడీ, రేడియో రెండూ ఉన్నాయి. ఏదో పెద్ద కారులో కంపెనీవాళ్ళే పెట్టి ఇచ్చిన సెట్టు. కొత్తది కొంటే పదివేలు పైమాట అన్నాడు. నాకు 1,800కే ఇస్తానన్నాడు. బల్లమీద ఉన్న బ్యాటరీకి రెండు తీగలు తగిలించాడు. సెట్టు ముఖం మీద ఆకుపచ్చ వెలుగు వచ్చింది. నాలుగు ఇంగ్లీషు అక్షరాలు కనిపించాయి. కోడ్ అని.

చదివాను. చదవలేదని ఇప్పుడు చెప్పడానికి వీలులేదు. అదేమిటని అడిగానా? అడగలేదు. అది కంపెనీ పేరేమో, మోడలేమో అనుకున్నాను. నిజం చెప్పాలంటే అలా అనుకోవడం నాకు బాగుంది. వెలుగు బాగుంది, ధర బాగుంది. "స్పీకర్లకు కలిపితే పాట వస్తుంది సార్" అన్నాడు. బిల్లు అడిగితే, పాత సామానుకు బిల్లేమిటి సార్ అని నవ్వాడు. నేనూ నవ్వాను. పాత వార్తాపత్రికలో చుట్టి ఇచ్చాడు, చంకలో పెట్టుకొని బస్సెక్కాను.

శనివారం మధ్యాహ్నం పార్సనేజి ముందు వేపచెట్టు కింద పని మొదలుపెట్టాం. మా సంఘంలో ఒక అబ్బాయి ఆటో ఎలక్ట్రీషియన్. లారీలకు, ట్రాక్టర్లకు వైరింగ్ చేస్తాడు. నాకు సెమినరీలో హెబ్రీ నేర్పారు, గ్రీకు నేర్పారు. ఫ్యూజు ఎందుకు పెడతారో నేర్పలేదు. ఆ రోజు ఆ అబ్బాయి గురువు, నేను టార్చిలైటు పట్టుకున్న శిష్యుణ్ణి.

మొదట బ్యాటరీ నెగటివ్ తీగ విప్పాడు. ఎందుకు ముందు అదే అన్నాను. "బండి బాడీ అంతా నెగటివే అయ్యగారు. పాజిటివ్ విప్పేటప్పుడు స్పానరు బాడీకి తగిలితే నిప్పులు కురుస్తాయి. నెగటివ్ ముందు తీసేస్తే ఇక ఏది తగిలినా భయం లేదు" అన్నాడు. తర్వాత ఆ రేకు ఊడదీశాడు. లోపల చూసి కాసేపు మాట్లాడలేదు. మునుపటి స్టీరియోకు కలిపిన తీగలు అక్కడే వేలాడుతున్నాయి. మెలితిప్పి టేపు చుట్టారు, అంతే. మన ఎండకు టేపు జిగురు కరిగిపోయి ఊడి వచ్చేసింది. బ్యాటరీ నుండి నేరుగా వచ్చే తీగకు ఫ్యూజు లేదు. దాని పైతోలు ఒకచోట నల్లగా మాడి ఉంది. ఆ తీగ కొస వట్టి ఇనుముకు రెండు వేళ్ళ దూరంలో ఊగుతూ ఉంది. మూడేళ్ళుగా ఆ బండిలో పిల్లలను, గర్భిణులను ఆసుపత్రికి తీసుకువెళ్తున్నాం. గలగలలాడే రేకు వెనుక ఇది ఉంది.

దాన్ని తీసివేసి, బ్యాటరీ దగ్గరే ఒక జానెడు దూరంలో పది ఆంపియర్ల ఫ్యూజు పెట్టి కొత్త తీగ లాగాడు. ఫ్యూజు స్టీరియో దగ్గర మాత్రమే పెడితే చాలదట. మధ్యలో ఎక్కడైనా తీగ ఒరుసుకొని బాడీకి తగిలితే, ఫ్యూజు బ్యాటరీకి దగ్గరగా ఉంటేనే ఆ తీగ కాలకుండా ఉంటుంది. పాత బండ్లున్నవారు ఈ మాట గుర్తు పెట్టుకోండి.

అప్పుడు నేను వార్తాపత్రిక విప్పి నా సెట్టు అతని చేతికిచ్చాను. దాన్ని వెనక్కి తిప్పాడు. మళ్ళీ ముందుకు తిప్పాడు. అతని ముఖం మారింది.

"అయ్యగారు, దీన్ని ఎక్కడ తెచ్చారు?"

చెప్పాను.

అతను నాకు రెండు గుర్తులు చూపించాడు. కంపెనీ సెట్లకు ముందువైపు రెండు పక్కలా చిన్న రంధ్రాలు ఉంటాయి. వాటిలో రెండు ఇనుప పుల్లలు దూర్చి లాగితే సెట్టు నెమ్మదిగా బయటికి వస్తుంది. వర్క్‌షాపుల్లో ఆ పుల్లలు ఉంటాయి. నా సెట్టు రంధ్రాలు కొత్తగానే ఉన్నాయి, అంచులు మాత్రం స్క్రూడ్రైవరుతో పెకలించినట్టు లొట్టలు పడి ఉన్నాయి. ఇది మొదటిది. ఇక రెండోది, వెనుక ప్లగ్గు. ప్లగ్గు అలాగే తగిలి ఉంది, దాని తీగలు నాలుగు వేళ్ళ పొడవున కోసి ఉన్నాయి. ఒకే కోత, ఏటవాలుగా. "నిదానంగా ఊడదీసేవాడు ప్లగ్గు నొక్కి లాగుతాడు అయ్యగారు, రెండు క్షణాల పని. తీగలు కోసేవాడికి ఆ రెండు క్షణాలు కూడా లేవు."

మరి ప్రమాదంలో నుజ్జయిన కారులోనుండి తీసి ఉండవచ్చు గదా అన్నాను. ఉండవచ్చు అన్నాడు. ఆ "ఉండవచ్చు"ను నేను గట్టిగా పట్టుకున్నాను. కలిపి చూడు అన్నాను.

కలిపాడు. నెగటివ్ తీగ తిరిగి తగిలించాడు. ఆకుపచ్చ వెలుగు వచ్చింది. కోడ్. దాని పక్కన నాలుగు గీతలు.

ఆ నాలుగు గీతల సంగతి తెలియనివారి కోసం చెప్తాను. ఇలాంటి సెట్లలో దొంగల బెడద కోసం ఒక తాళం పెడతారు. బండి బ్యాటరీ నుండి ఒకసారి తీగ ఊడితే చాలు, సెట్టు తనను తాను మూసుకుంటుంది. మళ్ళీ కరెంటు వచ్చినప్పుడు నాలుగు అంకెలు అడుగుతుంది. ఆ అంకెలు కారు కొన్నప్పుడు ఒక చిన్న కార్డు మీద రాసి యజమానికి ఇస్తారు. ఆ కార్డు కారులో పెట్టుకోవద్దని కూడా చెప్తారు. ఊహించి నొక్కుదామంటే, కొన్ని సెట్లు రెండు మూడు తప్పులకే మూసుకుపోయి గంటసేపు ఏమి నొక్కినా పలకవు. పాట వినే పెట్టె మాత్రమే కాదు అది. నువ్వెవరు అని అడిగే పెట్టె.

అప్పటికి సాయంత్రం అయిదయింది. మరునాడు ఆదివారం. ఆరాధన తర్వాత స్త్రీల సమాజం వారు బండి ఎక్కి పక్క ఊరి కూటానికి బయలుదేరాలి. పెట్టె వచ్చిందని వారికి అప్పటికే చెప్పేశాను. మా అబ్బాయి తల గోక్కుంటూ అన్నాడు: "టౌనులో ఒకాయన ఉన్నాడు అయ్యగారు. సెట్టు పైన ఉన్న సీరియల్ నంబరు చెప్తే అంకెలు చెప్తాడు. మూడు వందలు తీసుకుంటాడు. ఫోను చెయ్యమంటారా?"

నేను వెంటనే వద్దనలేదు. ఈ సంగతి ఈ రేడియోలో చెప్పడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. నా దగ్గర ఆరు వందలు మిగిలి ఉన్నాయి. మూడు వందలు పోతే మూడు వందలు స్పీకర్లకు ఉంటాయని లెక్క కూడా వేశాను. దొంగిలించింది నేను కాదు. డబ్బిచ్చి కొన్నాను. దేవుని పనికి కొన్నాను. పాడేవి దేవుని పాటలే. ఇలాంటి వాదనలు కట్టడం సెమినరీలో మాకు బాగా నేర్పుతారు. రేపు చెప్తానులే అని అతన్ని పంపించాను.

రాత్రి ఆదివారం ప్రసంగం సిద్ధం చేసుకోవడానికి కూర్చున్నాను. రాజులు రెండవ గ్రంథము 6వ అధ్యాయంలో ఎలీషా శిష్యుల కథ. యొర్దాను దగ్గర మ్రానులు నరుకుతుంటే ఒకడి గొడ్డలి ఊడి నీళ్ళలో పడింది. ఆ కథలో ఇనుము తేలడమే అద్భుతమని చిన్నప్పటినుండి విన్నాను. ఆ రాత్రి నాకు కనబడింది మరొకటి. గొడ్డలి పోయిన శిష్యుడు పని ఆగిపోయిందని ఏడవలేదు. వాళ్ళు కట్టుకుంటున్నది ప్రవక్త శిష్యులు ఉండడానికి ఇల్లు, అదీ దేవుని పనే. అయినా అతని నోట వచ్చిన మొదటి మాట, అది ఎరవు తెచ్చినదని. ఎవరిదో ఒకరిది, తిరిగి ఇవ్వాలి, ఇప్పుడెలా అని. బల్లకు ఆ చివర వార్తాపత్రిక మీద నా పెట్టె ఉంది. పడుకున్నాను గాని నిద్రపోలేదు.

ఆదివారం ఉదయం ప్రసంగం చెప్పాను, పెట్టె సంగతి చెప్పలేదు. ఆరాధన అయ్యాక స్త్రీలు బండి చుట్టూ చేరారు. ఇక దాచడానికి లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను: పెట్టెకు తాళం ఉంది, మూడు వందలు ఇస్తే తెరుస్తారు, కాని అది ఎవరిదో తెలియదు. కొందరు, పాపం అయ్యగారికి ఏం తెలుసు, తెరిపించండి అన్నారు. చీర చెంగు మూట విప్పిన ఆ పెద్దమ్మ మాత్రం పెట్టెను చేతిలోకి తీసుకొని అటూ ఇటూ చూసింది. ఆమెకు చదువు రాదు.

"అయ్యగారూ, మా బియ్యం లెక్క మాకు తెలుసు. ఏ నెల ఎవరు ఎంత వేశారో నేను చెప్పగలను. ఈ పెట్టె లెక్క ఎవరికి తెలుసు?"

తిరిగి నా చేతిలో పెట్టింది. ఎవరూ మాట్లాడలేదు. ఆ రోజు కూటానికి రేకు కూడా లేని ఖాళీతోనే వెళ్ళాం.

ఇప్పుడు మన వాక్యభాగానికి రండి. ద్వితీయోపదేశకాండము 22. నీ సహోదరుని ఎద్దు దారి తప్పి కనబడితే చూడనట్టు వెళ్ళిపోవద్దు, తోలుకొనిపోయి అప్పగించు అని ధర్మశాస్త్రం చెప్తుంది. మరి ఆ సహోదరుడు దూరంగా ఉంటే? అసలు ఎవరో తెలియకపోతే? దానికి కూడా అక్కడ జవాబు ఉంది. ఇంటికి తెచ్చి ఉంచు, అతడు వెదకుతూ వచ్చేవరకు నీ దగ్గర ఉంచు, వచ్చినప్పుడు ఇవ్వు. ఎద్దుకే కాదు, గాడిదకూ అంతే, బట్టకూ అంతే, పోయిన ఏ వస్తువుకైనా అంతే. యజమాని ఎవరో తెలియకపోయినంత మాత్రాన ఆ వస్తువు నీది అయిపోదు. నేను పట్టుకున్న "ఉండవచ్చు"కు అక్కడ చోటు లేదు. చూడనట్టు ఉండవద్దు అన్న మాట చూడండి. కొట్టులో ఆకుపచ్చ వెలుగు దగ్గర నేను చేసింది సరిగ్గా అదే.

ఈ దేశపు చట్టం కూడా ఈ సంగతిలో దూరంగా లేదు. దొంగ సొత్తు తీసుకోవడాన్ని గురించి పాత భారత శిక్షాస్మృతిలో 411వ సెక్షను ఉండేది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 317వ సెక్షను కిందికి వచ్చింది. తెలిసి తీసుకున్నవాణ్ణి మాత్రమే కాదు, దొంగ సొత్తని నమ్మడానికి తగిన కారణం ఉండి కూడా దురుద్దేశంతో తీసుకున్నవాణ్ణి అది పట్టుకుంటుంది. మూడేళ్ళ వరకు శిక్ష పడవచ్చు. కోసిన తీగలు కారణమే. బిల్లు లేకపోవడం కారణమే. పదివేల వస్తువు 1,800కు రావడం కారణమే. మన ఇళ్ళల్లో చవకగా వచ్చిన సెల్‌ఫోన్లు ఉన్నాయి, మోటారు పంపులు ఉన్నాయి. ఎవరి ఇంట్లో ఏమున్నదో నేను అడగడం లేదు.

సోమవారం నేను, మా అబ్బాయి ఆ బజారుకు వెళ్ళాం. కొట్టాయన నన్ను గుర్తుపట్టలేదు. పెట్టె చూపించాక గుర్తుపట్టాడు గాని వెనక్కి తీసుకోనన్నాడు. ఎవరు అమ్మారని అడిగితే, రోజుకు వందమంది వస్తారు సార్ అన్నాడు. సెకండ్ హ్యాండ్ అంటే అంతే అన్నాడు. నేను కొంచెం గొంతు పెంచాను, అది పాస్టరుకు తగని పని, ఒప్పుకుంటున్నాను. అక్కడినుండి పోలీస్ స్టేషనుకు వెళ్ళాం. రైటరు మమ్మల్ని వింతగా చూశాడు. దొంగలు పట్టుబడితే సొత్తు వస్తుందిగాని, సొత్తు తనంతట తాను నడిచి రావడం అరుదు గదా. సీరియల్ నంబరు రాసుకున్నారు, పెట్టె తీసుకొని ఒక కాగితం ఇచ్చారు. ఆ కాగితం నా దగ్గర ఇంకా ఉంది. దాని యజమాని దొరికాడో లేదో నాకు తెలియలేదు.

ఇక 1,800 రూపాయలు. అవి నావి కావు. ఆ సంగతి నా భార్యతో చెప్పడానికి రైటరుతో చెప్పినదానికంటే ఎక్కువ ధైర్యం కావలసి వచ్చింది. ఆమె ఏమీ అనలేదు. నెలకు 300 చొప్పున ఆరు నెలలు స్త్రీల సమాజం లెక్కలో కట్టాం. ఆ ఆరు నెలలు పాలు తగ్గించాం. పెద్దమ్మ ప్రతి నెల ఆ మూడు వందలు లెక్కపెట్టి తీసుకున్నది. వద్దులే అయ్యగారూ అని ఒక్కసారి కూడా అనలేదు. అప్పుడు కాస్త బాధ అనిపించింది. ఇప్పుడు ఆమెను తలుచుకుంటే గౌరవమే కలుగుతుంది.

ఈ సంగతి ఏడు ఊళ్ళకూ పాకింది. దానితో సంఘస్థులు తమ ఇళ్ళల్లో ఉన్న పాత సెట్లు తెచ్చి చూపించడం మొదలుపెట్టారు. ఒకాయన మేనల్లుడు జపానులో ఉద్యోగం చేసి తెచ్చిన సెట్టు ఇచ్చాడు. చూడడానికి ముచ్చటగా ఉంది గాని మన స్టేషన్లు పలకలేదు. జపానులో ఎఫ్‌ఎం అప్పట్లో 76 నుండి 90 మెగాహెర్ట్జ్ వరకే ఉండేది. మనది 88 నుండి 108. విజయవాడ రెయిన్‌బో కృష్ణవేణి 102.2లో వచ్చేది, ఆ సెట్టు అంకెలు అంతవరకు పోనే పోవు. ఇంకొకరు అమెరికా నుండి వచ్చిన సెట్టు తెచ్చారు. అది అంకెలవరకు పోతుంది గాని మధ్యలో దాటేస్తుంది. అక్కడ మీడియం వేవ్ స్టేషన్లు పదేసి కిలోహెర్ట్జ్ దూరంలో ఉంటాయి, మన దగ్గర తొమ్మిదేసి. విజయవాడ ఆకాశవాణి 837లో ఉంటే, ఆ సెట్టు 830 దగ్గర ఆగుతుంది, తర్వాత 840కి దూకుతుంది. మన స్టేషను గుమ్మం ముందునుండి రెండువైపులా నడిచి వెళ్ళిపోతుంది గాని లోపలికి రాదు. కొన్ని సెట్ల అడుగున దీనికి చిన్న స్విచ్ ఉంటుంది, అది మారిస్తే సరిపోతుంది. ఆ సెట్టుకు లేదు.

చివరికి మా సంఘంలో రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన పిలిచారు. తన కారు అమ్మేటప్పుడు స్టీరియో తీసి ఉంచుకున్నారట. క్యాసెట్టు, రేడియో ఉన్న పాత సెట్టు. అట్టపెట్టె ఉంది, దానిలో పుస్తకం ఉంది, పుస్తకంలో మడతపెట్టిన బిల్లు ఉంది. ఊరికే తీసుకోమన్నారు. పెద్దమ్మ ఒప్పుకోలేదు. 700 రూపాయలు లెక్కపెట్టి ఆయన చేతిలో పెట్టి, ఆ బిల్లు వెనుక ఆయనతో సంతకం చేయించింది.

మళ్ళీ వేపచెట్టు, మళ్ళీ టార్చిలైటు. ఈసారి నాకు కొంచెం తెలుసు. ఆ సెట్టు వెనుక పసుపు తీగ ఎప్పుడూ బ్యాటరీతో ఉండాలి, గడియారాన్ని, స్టేషన్లను జ్ఞాపకం ఉంచేది అదే. ఎరుపు తీగ తాళంచెవి తిప్పినప్పుడే కరెంటు వచ్చేచోట కలపాలి. రెండూ తాళంచెవికి కలిపితే బండి ఆపిన ప్రతిసారి సెట్టు అన్నీ మరచిపోతుంది. రెండూ బ్యాటరీకి కలిపితే ఆపడం మరచిన రోజున బ్యాటరీ కూర్చుంటుంది. నలుపు బాడీకి. ఈ రంగులు ఎక్కువ సెట్లకు ఇంతే గాని, సెట్టు మీద అంటించిన చీటీ చూడకుండా రంగును నమ్మవద్దని మా అబ్బాయి మాట.

స్పీకర్ల దగ్గర కాస్త ఆగాం. పాత యజమాని రెండు స్పీకర్లకు ఒక్కో తీగ మాత్రమే సెట్టునుండి లాగి, రెండో కొసను బండి బాడీకి కట్టేశాడు. వెనుకటి రోజుల్లో కొన్ని సెట్లకు అది చెల్లింది. తర్వాతి కాలపు సెట్లు చాలావరకు స్పీకరు రెండు తీగలనూ తామే నడుపుతాయి. అందులో ఒకటి బాడీకి తగిలితే లోపలి ఆంప్లిఫైయర్ కాలిపోతుంది. మొదటి పెట్టెను తొందరపడి కలిపి ఉంటే దొంగ సొత్తే కాక కాలిన సొత్తు కూడా అయ్యేది. పాత తీగలు తీసేసి ఒక్కో స్పీకరుకు రెండు పాయల కొత్త తీగ వేశాం. అతుకులన్నీ టంకం పెట్టి, వేడికి ముడుచుకునే గొట్టం తొడిగాడు.

సెట్టు పాడింది. కాని పాట పలుచగా ఉంది, తబలా దెబ్బ వినబడడం లేదు. మా అబ్బాయి టార్చిలోనుండి ఒక సెల్లు తీసి, స్పీకరు తీగలకు క్షణం తాకించాడు. ఒక స్పీకరు అట్ట ముందుకు కదిలింది. రెండోది వెనక్కి కదిలింది. "ఇది బయటికి తోస్తుంటే అది లోపలికి లాగుతుంది అయ్యగారు. దీని దెబ్బను అది తినేస్తుంది" అన్నాడు. రెండోదాని తీగలు అటువి ఇటు మార్చాడు. తబలా వచ్చింది. సంఘ కమిటీ మీటింగులు జ్ఞాపకం వచ్చి నేను నవ్వుకున్నాను.

ఇంజను వేస్తే మాత్రం రేడియో వెనుక కూనిరాగం లాంటి ఒక రొద. ఎక్సిలరేటరు తొక్కేకొద్దీ అది పైకి పోతుంది. నల్ల తీగను బాడీకి బిగించినచోట పెయింటు ఉందట. అక్కడ ఇనుము మెరిసేవరకు గీకి మళ్ళీ బిగించాడు. ఏంటెన్నా మొదట్లో కూడా తుప్పు గీకాడు. ఎఫ్‌ఎం శుభ్రమైంది. మీడియం వేవులో కాస్త చిటపట మిగిలింది. సీటు కిందే ఇంజను ఉన్న బండిలో అంతకన్నా ఆశించలేం. మా నాన్నగారు నా చిన్నతనంలో సీషెల్స్ దీవుల నుండి వచ్చే ఫీబా రేడియో తెలుగు కార్యక్రమాన్ని షార్ట్‌వేవులో దీనికి పదింతల చిటపట మధ్య చెవి ఆనించి వినేవారు. 2003లో ఆ దీవుల నుండి ప్రసారం ఆగిపోయింది. ఆయనకు ఈ చిటపట ఒక లెక్క కాదు.

ఆ ఆదివారం స్త్రీలు బండి ఎక్కారు. పెద్దమ్మను ముందు సీటులో కూర్చోబెట్టాం. క్యాసెట్టు ఆమె చేతికే ఇచ్చి పెట్టమన్నాను. తలకిందులుగా పెట్టబోయింది, వెనుకనుండి అందరూ అరిచారు. పాట మొదలైంది. రెండు ఊళ్ళు దాటేవరకు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆమె పాటతో కలిసి పాడడం మొదలుపెట్టింది, శ్రుతి కొంచెం తప్పుగా, క్యాసెట్టుకంటే గట్టిగా.

ఇప్పుడు మీలో చాలామంది క్యాసెట్టు చూసి ఎన్నో ఏళ్ళయి ఉంటుంది. బండిలో కూడా ఫోనుతోనే వింటున్నాం. పాత బండ్లు, పాత సెట్లు మాత్రం చేతులు మారుతూనే ఉన్నాయి. పెద్దమ్మ 2016లో ప్రభువునందు నిద్రించింది. ఆమె లెక్కల పుస్తకం, అంటే ఆమె చెప్పగా మనుమరాలు రాసిన నోటుబుక్కు, ఇంకా మందిరం బీరువాలో ఉంది. దానిలో 2011 పేజీలో నా పేరు ఎదురుగా ఆరు సార్లు 300 ఉంటుంది.

వ్యానును 2018లో అమ్మేశాం. కొన్నాయన కూరగాయల వ్యాపారి. ఆర్‌సీ పుస్తకం, ఇన్సూరెన్సు కాగితాలు ఇచ్చాక, గార్డుగారి సంతకం ఉన్న స్టీరియో బిల్లు కూడా తీసి ఇచ్చాను. కింద నా సంతకం, తేదీ పెట్టి ఇచ్చాను. ఆయన దాన్ని తిప్పి చూసి, దీనికి కూడా బిల్లా అయ్యగారూ అన్నాడు. మడతపెట్టి ఆర్‌సీ పుస్తకంలోనే పెట్టుకున్నాడు. తర్వాత స్టీరియో ఆన్ చేసి, ఒక్కో స్పీకరు దగ్గర చెవి పెట్టి విని, పదిహేను వందలు తగ్గించమని బేరం మొదలుపెట్టాడు.

సమయమైంది. ప్రయాణంలో ఉన్నవారు జాగ్రత్తగా వెళ్ళిరండి.